ఇది గోపురమా, ఇదిగో పురమా?

యానాం నుంచి చదువుకోడానికి పుదుచ్చేరి వచ్చిన కుర్రాడొకడు ఈ వారం ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఊళ్లోని పాత ఇళ్లని ఫోటోలు తీశాడు. సైజు తగ్గించడానికి నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టు రాసుకున్నాడు. "మాస్టారూ, ఒక్క ఫోటో అడిగితే మూడు లేవంటోందండీ" అన్నాడు. ఫైలు పేరు 'రంగపిళ్ళై వీధి 12'. షెల్ దాన్ని ఖాళీ ఉన్నచోటల్లా నరికి, రంగపిళ్ళై లేదు, వీధి లేదు, 12 లేదు అని వరసగా చెప్పింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పాట తెలుసు: ఫైలు పేర్లో ఖాళీ వద్దు, అండర్‌స్కోర్ పెట్టండి. వాడికీ అదే చెప్పాను. "వీధి బోర్డు మీద అండర్‌స్కోర్ లేదు కదండీ" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

వాడు వెళ్లాక కూడా ఆ వీధి పేరు నన్ను వదల్లేదు. ఆనందరంగ పిళ్ళై పుదుచ్చేరి ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీ. 1736 నుంచి 1761లో పోయేదాకా తమిళంలో రాసుకున్న దినచర్య వల్ల ఆయన పేరు నిలిచింది. కస్తూరి రంగకవి తెలుగులో 'ఆనందరంగరాట్ఛందము' రాసి అంకితమిచ్చింది కూడా ఆయనకే. ఆ కాలపు తాటాకుల మీద మాటకీ మాటకీ మధ్య ఎడం ఉండదు. గంటం ఆకు ఈ కొస నుంచి ఆ కొసదాకా అక్షరాలు పేర్చుకుంటూ పోతుంది. 'ఇదిగోపురం' అని ఉంటే ఇది గోపురమో, ఇదిగో పురమో చదివేవాడే తేల్చుకోవాలి. మా తాతగారు ఆకు మీద మసి రాసి, గుడ్డతో తుడిచి, వేలు ఆనించి చదివేవారు. ఒక్కోచోట వేలు ఆగి వెనక్కి జరిగేది. మాటని తప్పుచోట విరిచారన్నమాట. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవారు.

అచ్చులోకి వచ్చాక మనకి ఆ అవస్థ తప్పింది. అలా దక్కిన ఖాళీని షెల్ కోసం వదులుకోమని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. అది తప్పు సలహా.

యునిక్స్‌లో ఫైలు పేరుకి పనికిరానివి రెండే: ఏటవాలు గీత, సున్నా బైటు. ఖాళీకి అడ్డు లేదు. జాగ్రత్త పడాల్సింది స్క్రిప్టు రాసేవాడే. 2001 నవంబరులో ఐట్యూన్స్ 2 ఇన్‌స్టాలర్ స్క్రిప్టులో దారిపేరు చుట్టూ కోట్స్ లేకపోవడంతో, డిస్కు పేర్లో ఖాళీ ఉన్న కొందరు మ్యాక్ వాడకందార్ల ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పేరు పెట్టుకున్నవాళ్లు చేసిన తప్పేమిటి?

మర్నాడు కుర్రాణ్ని మళ్లీ పిలిచాను. ఎల్ఎస్ ఇచ్చిన జాబితా తీసేసి లూప్‌లో నేరుగా నక్షత్రం గుర్తు పెట్టించాను. వేరియబుల్ వచ్చిన ప్రతిచోటా డబుల్ కోట్స్. లోపలి ఫోల్డర్లకి ఫైండ్‌లో ప్రింట్‌జీరో, ఎక్స్‌ఆర్గ్స్‌లో సున్నా ఆప్షన్. అప్పుడు పేర్లని సున్నా బైటు విడదీస్తుంది, అది ఏ పేర్లోనూ ఉండదు కాబట్టి తికమక రాదు.

ఆల్బమ్ పేజీలకి వాడు మేక్ వాడుతున్నాడు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన ఆ పనిముట్టు ఈ విషయంలో లొంగదు. ఖాళీ కనిపిస్తే పేరు అయిపోయిందనుకుంటుంది, కోట్స్ పెడితే వాటినీ పేరులో కలుపుకుంటుంది. దాని కోసం వేరే ఫోల్డర్లో అంకెల పేర్లతో లింకులు చేయించాను. అసలు పేర్లు ముట్టుకోనివ్వలేదు.

రాత్రి పదింటికి స్క్రిప్టు నడిచింది. 'రంగపిళ్ళై వీధి 12' రెండు ఖాళీలతో సహా తెర మీద తెరుచుకుంది.