వావిళ్లవారి ముద్రణాలయము - రాధికాసాంత్వనము

తెలుగువారు చెన్నపురియందు నెలకొల్పిన సాహిత్యసంస్థలలో వావిళ్ల రామస్వామిశాస్త్రులు అండ్ సన్స్ వారి ముద్రణాలయమునకు విశిష్టస్థానము కలదు. 1854లో రామస్వామిశాస్త్రులుగారు స్థాపించిన యీ సంస్థ ఒక కుటుంబమువారి పూనికపై నిలిచి, ఆంధ్రగీర్వాణ గ్రంథములను పండితులచే పరిష్కరింపజేసి ప్రకటించెను. వావిళ్లవారి ప్రతి యన్నచో పాఠశుద్ధికి పూటకాపు అను నమ్మకము లోకమున కుదిరినది. ఆ నమ్మకమునకు గట్టి పరీక్ష 1910లో వచ్చినది.

తంజావూరు ప్రతాపసింహ మహారాజు (1739-1763) ఆస్థానమునందలి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల శృంగారకావ్యము. దీనిని 1887లో పైడిపాటి వేంకటనరసుగారు ప్రకటించిరి గాని, అందు కొన్ని పద్యములును, కవయిత్రి తన్ను గూర్చి చెప్పుకొనిన భాగమును లోపించినవి. వ్రాతప్రతి సంపాదించి సరిచూచిన బెంగుళూరు నాగరత్నమ్మగారికి ఆ లోపము గోచరించినది. ఆమె పరిష్కరించిన సమగ్రప్రతిని 1910లో వావిళ్లవారు ప్రకటించిరి.

ఈ ప్రతిని ప్రశంసించువారు సాధారణముగా ప్రచురణకర్తల సాహసమును మాత్రమే ప్రశంసింతురు. అది చాలదు. ఈ ప్రతి యొక్క అసలు ప్రయోజనము కావ్యార్థమునకు సంబంధించినది. తాను పెంచిన ఇళాదేవిని రాధిక తానే కృష్ణునకు పరిణయము చేయును. పిదప విరహమునకు ఓర్వలేక కోపించును. కృష్ణుడు వచ్చి అనునయించును. ఆ దంపతుల శృంగారమును తొలగించినచో రాధిక కోపమునకు హేతువు పలుచబడును. హేతువు లేని కోపమునకు సాంత్వన మేల? కవయిత్రి తన వంశపు స్త్రీలను, తన విద్యను సగర్వముగా చెప్పుకొనిన భాగమును విడిచినచో, స్త్రీ పక్షమున నిలిచి వలపును చెప్పిన యీ గొంతు ఎవరిదో పాఠకునకు తెలియదు. కావున లోపించినది అలంకారము కాదు, కావ్యమునకు ఆయువుపట్టు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున ఈ కావ్యమును తీవ్రముగా నిరసించిరి. వేశ్యావృత్తిని రూపుమాప బూనిన సంస్కర్తకు కలిగిన ఆగ్రహము అర్థము కానిది కాదు. కాని కవయిత్రి కులవృత్తిని బట్టి కావ్యమునకు వెలకట్టుట విమర్శ కాజాలదు. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యని నాగరత్నమ్మగారు వేసిన ప్రశ్నకు నేటికిని సరియైన సమాధానము రాలేదు. పురుషకవుల శృంగారప్రబంధములు పండితగోష్ఠులలో గౌరవమందుచుండగా, ఇదొక్కటియే దోషమగుట ఎట్లు?

1911లో ప్రభుత్వము ఈ గ్రంథమును నిషేధించినది. ప్రచురణకర్తలును పండితులును చేసికొనిన విన్నపములు ఫలింపలేదు. ముద్రించిన ప్రతులు అమ్మరానివైనచో పెట్టిన సొమ్ము మునుగును. చిన్న సంస్థ కది సామాన్యమైన దెబ్బ కాదు. 1947లో మద్రాసు ప్రధానమంత్రిగా నుండిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు నిషేధమును తొలగించిరి. వావిళ్లవారు 1952లో దానిని మరల అచ్చువేసిరి. నాగరత్నమ్మగారు పరమపదించినది ఆ సంవత్సరమే. సంస్థను నడపిన వేంకటేశ్వరశాస్త్రులుగారు 1956లో గతించిరి.

నలువది సంవత్సరములకు పైబడి ఒక గ్రంథమును మరువక యుండుట వట్టి వ్యాపారబుద్ధికి సాధ్యము కాదు. తంజావూరున పుట్టి, కన్నడదేశము పేరు ధరించిన విదుషిచే పరిష్కృతమై, చెన్నపురిలో అచ్చైన ఈ కావ్యము, ఆంధ్రదేశపు ఎల్లలకు వెలుపల పెరిగిన తెలుగు సాహిత్యమునకు నిదర్శనము. ఆ ప్రాంతములలోని తెలుగు ఇండ్లలో పాత అచ్చుప్రతులును తాళపత్రములును ఉన్నచో, తూకమునకు వేయక మునుపు ఒకమారు విప్పి చూడవలెను. అచ్చులో లేని పద్యము ఒకటి వానిలో నుండవచ్చును. నాగరత్నమ్మగారి కట్లే దొరకినది.