మూడు పచ్చ దీపములు

దసరా సమీపించు దినములలో, జగదల్‌పూర్‌లో బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ గ్రామముల వడ్రంగులు దంతేశ్వరీదేవి రథమునకు చక్రములు చెక్కుచుండగా చెంత నిలిచి చూచుట నాకు చిరకాలపు అలవాటు. ఫూల్ రథమునకు నాలుగు, విజయరథమునకు ఎనిమిది. ఎవరైనను వంగి లెక్కించుకొనవచ్చును. వానిని చూచునప్పుడెల్ల, నా చక్రములు ఉన్నవో లేవో తెలియక ఆకాశమున గడపిన పావుగంట స్మృతిపథమున మెదలును.

అవి హైదరాబాదులో నేను విమానము నడపుట నేర్చుకొనుచుండిన దినములు. మొదట నడపిన సెస్నా 152 విమానపు కాళ్లు ఎన్నడును ముడుచుకొనవు గనుక, దిగకపోవునేమో యను చింతయే లేదు. తరువాతి రెండింజన్ల విమానము అట్టిది కాదు. మీట క్రిందికి దింపిన పిమ్మట, హైడ్రాలిక్ పంపు మూలిగి, మూడు కాళ్లును చాచుకొని బిగిసినగాని మూడు పచ్చ దీపములు వెలుగవు. రెక్క అడుగున నున్న చక్రములు ఆసీనుడైన పైలటుకు కానరావు. అతనికి దీపమే సాక్షి.

ఆ సాయంకాలము పంపు మూలిగినది. దీపము మాత్రము ఒక్కటియు వెలుగలేదు. నేను మీటను ఎత్తితిని, దింపితిని, దీపములను వ్రేలితో తట్టితిని. ఈ సంరంభములో విమానము రెండువందల అడుగులు జారిన సంగతియే ఎరుగను. ప్రక్కనున్న గురువుగారు కంఠ మెత్తకుండ, "ముందు విమానం నడపవయ్యా, దీపం సంగతి తరవాత చూద్దాం" అనిరి. ఎత్తు సరిచేయించి, టవరుకు తెలియజేసి, విమానాశ్రయము చుట్టును ఒక ప్రదక్షిణము చేయించిన పిమ్మట, "ఆ నావిగేషన్ లైట్ల స్విచ్చి ఆపు" అనిరి. ఆపితిని. మూడును పచ్చగా వెలిగినవి! రాత్రివేళ కన్నులకు మిరుమిట్లు గొలుపకుండుటకై, ఆ స్విచ్చి వేసినచో గేరు దీపములు మందగించునట్లు అమర్చినారట. పడమటి యెండ సూటిగా పడుచుండగా, మందగించిన దీపమునకును ఆరిన దీపమునకును భేద మేమున్నది?

నేలకు దిగి, టీ త్రాగుచున్నప్పుడు గాని ఆయన 1972 డిసెంబరు 29 నాటి మయామీ కథ చెప్పలేదు. ముందు చక్రపు దీపము మాడిపోగా, ఈస్టర్న్ 401 విమాన సిబ్బంది యంతయు ఆ బల్బు చింతలో మునిగియుండ, ఆటోపైలట్ ఎత్తు నిలుపుట మానిన సంగతి గమనింపక, విమానము బురదనేలపై కూలి 176 మందిలో 101 మంది మరణించిరి. చక్రములు దిగియే యుండినవి.

నిజముగా దిగనిచో ఉపాయములు లేకపోలేదు. నాడు మేము నడపిన విమానములో ముడుచుకొనిన కాళ్లను పట్టియుంచునది హైడ్రాలిక్ ఒత్తిడియే. వేగము తగ్గించి, అత్యవసరపు మీట లాగి ఆ ఒత్తిడిని విడిచినచో అవి తమ బరువుతోనే జారును. అదియు విఫలమైనచో పొట్టపై దిగవలసినదే. ప్రొపెల్లర్లు వంగును, అడుగు రేకు చిరుగును, మనుష్యులు మాత్రము తరచుగా తమ కాళ్లతో నడచియే బయటికి వత్తురు.

2020 సెప్టెంబరు 21న జగదల్‌పూర్‌కు హైదరాబాదు, రాయపూర్ విమానములు ఆరంభమైనది మొదలు, ఇంజను మ్రోత వినబడినంతనే డాబా పైకి ఎక్కుట నాకొక వ్యసనమైనది. "ఎన్ని కాళ్లు, తాతయ్యా?" అని మనుమరాలు అడుగును. మూడనియే చెప్పుదును. అవి బిగిసినవో లేవో నేలమీదినుండి తెలియదని మాత్రము చెప్పను.