బొమ్మ మనది, పట్టిక ఎవరిది?

ఫొటో అబద్ధమాడదు అంటరు. ఆడకపోవచ్చు. దాని కింద రాసే రెండు వాక్యాలు మాత్రం ఆడతయ్. ఇవాళ విశ్వవిద్యాలయాలు, మ్యూజియాలు పాత ఫొటోలను, పటాలను స్కాన్ చేసి కంప్యూటర్లలో భద్రపరుస్తున్నయ్. ప్రతి బొమ్మకు ఒక పట్టిక ఉంటది. ఎవరు తీసిండ్రు, ఎప్పుడు, ఎక్కడ, విషయమేమిటి, హక్కులెవరివి అని అందులో రాస్తరు. దీన్నే మెటాడేటా అంటున్నరు. పాఠం చెప్పేవాళ్లయినా, పరిశోధన చేసేవాళ్లయినా వెతికేది ఈ పట్టికలోని మాటలను పట్టుకునే. పట్టికలో లేని మనిషి వెతుకులాటలో దొరకడు. అందుకే కంప్యూటర్ నిపుణుల పని అని అందరూ వదిలేసిన ఈ పట్టికను ఒక సాహిత్య పాఠాన్ని విమర్శించినట్టే విమర్శించాలని మేము అంటున్నం.

ఈ పట్టికకు పాత చరిత్ర ఉంది. 1868-75 మధ్య వలస ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాల ఫొటోలు అచ్చువేసింది. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్, రంగాచారి కలిసి దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు తెచ్చిండ్రు. వీటిలో బొమ్మ కింద ఎక్కువగా కనపడేది కులం పేరు. మనిషి ముఖం కులానికి నమూనా అయింది. ఇప్పుడు తిరగబడ్డది. డప్పు కొడుతున్న మనిషి ఫొటో కింద 'జానపద కళాకారుడు' అని ఉంటది. కులం రాయకపోవడమే మర్యాద అంటరు. అప్పుడు కులముంది, పేరు లేదు. ఇప్పుడు రెండూ లేవు. దొరల గడీ ఫొటోకు వంశం పేరు, బిరుదు, సంవత్సరం అన్నీ ఉంటయ్. మర్యాద పేరుతో కొట్టేసేది ఎప్పుడూ ఒక వైపువాళ్లనేనా?

జాంబ పురాణం పటాన్ని తీసుకుందాం. పటం గీసేది నకాషీలు. పటం పట్టుకొని కథ చెప్పేది డక్కలివాళ్లు. ఆ కథ మాదిగలది, చెప్పించుకునే హక్కూ కథకులకు ఇచ్చుకునే బాధ్యతా వాళ్లవే. ఈ మూడు చేతులు కలిస్తేనే అది పటం. గోడకు వేలాడదీసి 'చేర్యాల శైలి చిత్రం' అని రాస్తే రంగులే మిగులుతయ్. ప్రపంచమంతా వాడే డబ్లిన్ కోర్ పద్ధతి 1995లో మొదలైంది. అందులో 15 గళ్లున్నయ్. 'సృష్టికర్త' గడి పక్కనే 'సహకరించినవారు' అనే గడి కూడా ఉంది. డక్కలి కథకుని పేరు రాయడానికి జాగా లేదనడం కుదరదు. గడి ఉంది, నింపే చెయ్యి లేదు.

ఇక మా వెల్గటూర్ సంగతి. ఈ మండలంలోని కోటిలింగాలలో దొరికిన నాణేల మీద గోబద, నారన, సమగోప, సిముక పేర్లు చదివి శాతవాహనుల తొలి చరిత్రనే తిరగరాసిండ్రు. వేలెడంత లేని నాణేనికి రాజు పేరు, లిపి, లోహం, బరువు అన్నీ నమోదైనయ్. మట్టి తవ్వి, గంపలెత్తి ఆ నాణేలను వెలుగులోకి తెచ్చిన కూలీల పేర్లు మాత్రం మేమెక్కడా చదవలేదు.

అదే గోదావరి ఒడ్డున ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లల్ల చెగ్యాం లాంటి ఊళ్లు మునిగినయ్. మునిగిన ఊరి వాడలకు, పోచమ్మ గుడికి, బొందలగడ్డకు ఇప్పుడు మిగిలేది ఎవరి ఫోన్లోనో, పెండ్లి ఆల్బంలోనో ఉన్న ఫొటోలే. ఫోన్ ఫొటోలో దాగివున్న స్థలం అంకెలు నేటి పటం మీద పెడితే నీళ్లు చూపిస్తయ్. పైగా 2016 అక్టోబర్‌లో జిల్లాలు మారినయ్. పాత ఫొటో 'కరీంనగర్ జిల్లా' కింద, కొత్తది 'జగిత్యాల జిల్లా' కింద పడితే ఒకే ఊరు రెండుగా చీలిపోతది. ఊరి పాత పేరు, కొత్త జిల్లా, వాడ, ఎవరి ఇల్లు, ఎప్పుడు మునిగింది, ఇవన్నీ రాసిపెడితేనే ఆ ఫొటో సాక్ష్యమైతది. లేకుంటే అది ఎవరిదో ఒక గుడిసె బొమ్మ.

మరి కులం రాయాలా వద్దా? రాయాలె. అయితే 'దళితులు' అన్న ఒక్క మాటతో పని అయిపోదు. తెలంగాణ ఎస్సీ జాబితాలో 59 కులాలున్నయ్. 2025 ఏప్రిల్ 14న వర్గీకరణ అమల్లోకి వచ్చింది. చిందు, డక్కలి, మాస్టి, బైండ్ల, నేతకానిలను వెతికితే దొరకని పట్టిక వర్గీకరణకు ముందటి మౌనాన్నే కొనసాగిస్తది. అట్లని ప్రతి ఫొటోకూ కులం ముద్ర వేయమని కాదు. తన పక్కన ఏం రాయాలో బొమ్మలోని మనిషి, ఆమె వారసులు చెప్పాలె. చుండూరు (1991) మృతదేహాల ఫొటోలను తరగతి గదిలో తెరమీద వేసేముందు, ఆ కుటుంబాల మాట పట్టికలో ఉందా అని చూడాలె. హత్యకు సాక్ష్యం దాచొద్దు. దాన్ని ఎవరంటే వాళ్లు ఎట్లంటే అట్ల వాడుకునే సరుకు చేయొద్దు.

ఇది అయ్యేపని కాదనేవాళ్లు ఆస్ట్రేలియా వైపు చూడాలె. అక్కడి వారుముంగు ఆదివాసులతో కలిసి తయారైన ముకుర్తు అనే పద్ధతిలో ఏ బొమ్మ ఎవరు చూడాలో ఆ సమాజమే నిర్ణయిస్తది. మనదగ్గర కావలసింది ఇంకా సులువు. స్కాన్ చేసిన బొమ్మలను వాడకు తిరిగి తీసుకపోయి ముసలోళ్ల ముందట పెట్టాలె. వాళ్లు చెప్పిన పేర్లను వాళ్ల మాటల్లోనే, చెప్పినవాళ్ల పేరుతో సహా రాయాలె. వద్దన్నది మూసిపెట్టాలె. తప్పని తేలితే దిద్దాలె, దిద్దిన తేదీ వేయాలె.

దీనికి పెద్ద డబ్బులేం కావు, ఓపిక కావాలె. ఆ ముసలోళ్లు పోయినంక ఎంత మంచి స్కానర్ తెచ్చినా ఆ పేర్లు రావు.