వాగు గట్టున నాచు

టోక్యోలో మా అమ్మాయి కాపురం నిషి కసాయ్‌లో. సాయంత్రం పార్కులో ఒక చుట్టు చుడితే చాలు, ఏదో ఒక బెంచీ మీంచి తెలుగు వినిపించే పేట అది. జూన్ మొదటి శనివారం పొద్దున్నే "సామాన్లు సర్దుకోండి, రెండు రోజులు హోటల్లో ఉందాం" అంది. "ఇల్లు పెట్టుకుని ఉన్న ఊళ్ళోనే హోటలేమిటే, విడ్డూరం కాకపోతే!" అని మా ఆవిడ. అల్లుడు మాత్రం పెట్టెలు టాక్సీలో వేసుకుని ముందే వెళ్ళిపోయాడు. ఇక చేసేదేముంది, మేం ముగ్గురం తోజాయ్ లైను రైలెక్కి, ఈదబాషిలో మారి, తర్వాతి స్టేషన్ ఎదొగవబాషిలో దిగాం. అక్కణ్ణుంచి కందా నది ఒడ్డునే నడక. నది అంటే మన ఊళ్ళ లెక్కలో పంట కాలువ. రెండు వైపులా కాంక్రీటు గోడ, పైన చెర్రీ చెట్ల వరస. ఎడం పక్క నీళ్ళు, కుడి పక్క నిట్టనిలువు పచ్చని గుట్ట. ఆ గుట్టే మేం వెళ్ళాల్సిన హోటల్ చిన్‌జాన్‌సో.

ఆ ఒడ్డునే ఒక చిన్న గేటు దగ్గర అమ్మాయి ఆగి, "నాన్నా, బషో ఇల్లు" అంది. మన హైకూ అభిమానులు తలచుకుని చేతులు జోడించే బషో, 1677 నుంచి మూడేళ్ళపాటు ఇక్కడే ఉండి కందా నీటి కాలువల పనిలో కొలువు చేశాడు. కవిత్వం కూడు పెట్టకముందు కాలువ పని పెట్టిందన్నమాట. ఈ గుట్టకు నీటి పనితో చుట్టరికం అంత పాతది.

పేరు సంగతి చెప్పాలి. చిన్‌జాన్‌సో అంటే కామెల్లియాల గుట్ట మీది ఇల్లు. కామెల్లియా మన తేయాకు మొక్కకు దగ్గరి బంధువు. మందపాటి నిగనిగలాడే ఆకులు, చలికాలంలో పువ్వులు. జపాన్‌వాళ్ళు ఆ చెట్టు పేరు రాసే అక్షరంలో ఒక పక్క 'చెట్టు', ఇంకో పక్క 'వసంతం' ఉంటాయి. తోటలోని ఒక భోజనశాల ఆ అక్షరాన్నే రెండుగా విడగొట్టి మొకుషున్‌దో అని పేరు పెట్టుకుంది. దాదాపు 650 ఏళ్ళ కిందటే ఈ చోటికి కామెల్లియా గుట్ట అని పేరు. 1878లో యామగతా అరితోమో దీన్ని కొని ఇప్పటి పేరు పెట్టాడు. ఆయన సేనాపతి, రెండుసార్లు ప్రధానమంత్రి, అంతకు మించి తోటల పిచ్చోడు. క్యోటోలో మురిన్‌అన్ అనే ప్రసిద్ధమైన తోట కూడా ఆయన వేయించిందే. మేం వెళ్ళేసరికి పూల కాలం దాటిపోయింది. జూన్‌లో కామెల్లియా చూడ్డానికి వెళ్ళడమంటే సంక్రాంతికి మామిడిపళ్ళు అడగడమే. అయినా తోటమాలి చెయ్యి తెలియాలంటే పూలు లేనప్పుడే చూడాలి. పూలున్నప్పుడు కళ్ళు వాటి మీదే ఉంటాయి, కొమ్మ ఎక్కడ కోశారో ఎవడికి పడుతుంది?

కింది గేటులోంచి లోపలికి వెళ్ళిన పది అడుగులకే నది రోడ్డు చప్పుడు పోయింది. ఎక్కడికి పోయిందా అని వెనక్కి వెళ్ళి మళ్ళీ లోపలికి వచ్చాను. మా ఆవిడ ఈయనకేదో అయింది అన్నట్టు చూసింది. కిటుకు నేల వాలులో ఉంది. తోట గిన్నెలాంటి లోయ. రోడ్లు అంచు మీద, మనం అడుగున. చప్పుడు మన తల మీంచి వెళ్ళిపోతుంది. మిగిలినదాన్ని జలపాతం మింగేస్తుంది. ఆ జలపాతం వెనక నుంచి కూడా నడిచే దారి వేశారు. అక్కడ నిలబడితే పక్కనున్న మనిషి మాటే వినిపించదు, ఇక పట్నం సంగతెందుకు. దారి కూడా తిన్నగా పోదు. చెరువు ఒకసారి కనిపిస్తుంది, మలుపులో మాయమై, రెండు మలుపుల తర్వాత ఇంకో మూల నుంచి ఇంకో చెరువులా కనిపిస్తుంది. కనిపించీ కనిపించకుండా చేసే ఈ పనికి జపాన్ తోటమాలులు ఒక పేరే పెట్టుకున్నారు, మియెగకురె అని. ఈ తోట విస్తీర్ణం పన్నెండు ఎకరాల చిల్లర. అమ్మాయి ఆ సంగతి చెప్పేదాకా నేను ముప్ఫై అనుకుంటున్నాను.

గుట్ట నెత్తిన మూడంతస్తుల కొయ్య గోపురం ఉంది. ఎన్‌త్సూకకు అంటారు. అది ఇక్కడ పుట్టింది కాదు. హిరోషిమా ప్రాంతంలో చికురిన్‌జీ అనే గుడి గోపురాన్ని 1925లో ఇక్కడికి తెచ్చి నిలబెట్టారు. యామగతా చేతిలోంచి 1918లో తోట అందుకున్న ఫుజితా అనే ఒసాకా వ్యాపారి, బ్యారన్ బిరుదున్నవాడు, చేసిన పని. ఇంత కట్టడం ఊరు మారడం ఎలాగంటే, ఇలాంటి గోపురాల్లో కొయ్యను కొయ్యకు కుసి, బెజ్జంతో కలుపుతారు. మేకుల మీద ఆధారపడరు. కట్టినవాడు విప్పడానికి కూడా వీలు ఉంచి కట్టాడన్నమాట. చూరు కింద నిలబడి తలెత్తి చూశాను. కప్పు బరువును మోసే దిమ్మెలు ఒకదాని మీద ఒకటి, పైకి పోయేకొద్దీ బయటికి జరుగుతూ, విప్పిన గొడుగు ఊచల్లా ఉన్నాయి. పై అంతస్తు కింది అంతస్తు కంటే కొంచెం చిన్నది, దానిపైది ఇంకొంచెం చిన్నది. ఆ 'కొంచెం' ఎంతో తేల్చుకున్న వడ్రంగి ఎవడో గాని వాడికి దండం పెట్టాలి. ఒక పిసరు ఎక్కువ తగ్గితే సూదిగా కనిపించేది, తక్కువ తగ్గితే మొద్దుగా. నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగిపోతాయని నాగార్జునకొండ కట్టడాలను రాయి రాయి విప్పి కొండ మీదికి, అనుపుకు తరలించిన సంగతి గుర్తొచ్చింది. అక్కడ తప్పనిసరై చేశారు. ఇక్కడ ఒక ఆసామి ముచ్చటపడి చేయించుకున్నాడు. అందుకు మొదట కాస్త చిరాకేసింది, ఒక ఊరి గుడి సొత్తు ఇంకొకరి తోటకు సింగారమైందే అని. కానీ 1945 బాంబు దాడుల్లో ఈ తోట దాదాపు అంతా కాలిపోయింది. మిగిలిన కొద్దిపాటిలో ఈ గోపురం ఒకటి, వాలులో ఉన్న ఐదువందల ఏళ్ళ షీ చెట్టు ఒకటి. ఆ చెట్టుకు తెల్లకాగితాలు వేలాడే మోకు కట్టి దేవుడి చెట్టని దండం పెట్టుకుంటారు. మన ఊళ్ళో రావిచెట్టుకు పసుపు దారం చుట్టినట్టే.

అంటే ఇప్పుడు మనం ఎక్కడో కొండల్లోంచి ఊడిపడిందనుకునే ఈ అడవంతా యుద్ధం తర్వాత నాటిందే. బూడిద మీద పదివేలకు పైగా చెట్లు నాటి, 1952లో తోట భోజనశాలగా తెరిచారు. హోటల్ వచ్చింది 1992లో. నా వయసు చెట్ల నీడలో నిలబడి 'ఎంత ప్రాచీనమైన వనమో' అనుకున్నందుకు నాకే నవ్వొచ్చింది. అలా అనుకునేలా చెయ్యడమే కదా వాళ్ళ పనితనం.

గదుల గురించి ఎక్కువ చెప్పను. మంచి హోటల్లో గది ఎలా ఉంటుందో అలాగే ఉంది. కిటికీ మాత్రం తోట వైపు. శని, ఆదివారాలు పెళ్ళిళ్ళ జాతర. ప్రతి వంతెన దగ్గరా ఒక పెళ్ళికూతురు, ఒక ఫోటోగ్రాఫరు. మా ఆవిడకు తోట కంటే అదే బాగా నచ్చిందని నా అనుమానం. కిమోనో పట్టు ఏ నేతో దగ్గరికెళ్ళి చూసి వచ్చింది. రోడ్డు దాటితే వాస్తుశిల్పి తాంగె కెంజో 1964లో కట్టిన కతీడ్రల్, ఉక్కు రెక్కల పక్షిలా తళతళ మెరుస్తోంది. పది నిమిషాలు చూసి వచ్చేశాం. దాన్ని చూడాలంటే వేరే రోజు, వేరే మనసు కావాలి.

మధ్యాహ్నం అమ్మాయి గడియారం చూసుకుని, "నాన్నా, పదండి, మబ్బులొచ్చే టైమైంది" అంది. మబ్బులకు టైమేమిటి? 2020 నుంచి ఇక్కడ గొట్టాల్లోంచి సన్నటి తుంపర చిమ్మి తోటంతా పొగమంచు కమ్మిస్తున్నారు. గోపురం కింది సగం మాయమై, పై రెండు కప్పులు గాల్లో తేలాయి. అందరూ ఆహా అన్నారు, నేనూ అన్నాను. కానీ నిమిషాలు లెక్కపెట్టి వచ్చిన మంచు మీద నాకు అంతగా మనసు నిలవలేదు. రాత్రి చూసినదానితో పోలిస్తే అది పిల్లల ఆట.

రాత్రి చూసింది మిణుగురులను. చీకటి పడ్డాక, ఏడున్నర దాటి, వాగు దగ్గరికి దిగాం. అక్కడ దీపాలు తగ్గించేశారు. అందరూ గుసగుసలే. అల్లుడు ఫోన్ తీయబోతుంటే అమ్మాయి చేతి మీద ఒక్కటిచ్చింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఫెర్న్ ఆకుల వెనక ఒక పచ్చని చుక్క వెలిగి, ఆరింది. ఇంకొకటి. కళ్ళు చీకటికి అలవాటు పడేసరికి పదులకొద్దీ. "మామయ్యగారూ, వీటిని గెంజీ అంటారు. చిన్న రకం హెయికె" అని అల్లుడు చెవిలో చెప్పాడు. గెంజీ, హెయికె పాత జపాన్‌లో కొట్టుకుచచ్చిన రెండు వంశాలు. మన లెక్కలో మిణుగురులకు పాండవులు, కౌరవులు అని పేర్లు పెట్టుకున్నట్టు. ఎగురుతూ వెలిగేవి మగవి. ఆడవి ఆకు మీద కూర్చుని సన్నగా జవాబిస్తాయి. తూర్పు జపాన్ గెంజీలు సుమారు నాలుగు సెకన్లకొకసారి, పడమటివి రెండు సెకన్లకొకసారి వెలుగుతాయట. ఇవి ఏ యాసవో తేల్చుదామని లెక్కపెట్టబోయి, మధ్యలోనే లెక్క మరిచిపోయాను.

ఇక్కడ మిణుగురులను చూపించడం 1954లో మొదలైంది. కోటిమందికి పైగా ఉండే మహానగరంలో, ఈ పని తేలికేమీ కాదు. గెంజీ మిణుగురు బతుకులో మనం చూసే వెలుగు ఆఖరి రెండు వారాలే. ఆ రెండు వారాలూ అది తిండి తినదు, మంచు బిందువులు తాగి బతుకుతుంది. అంతకు ముందు తొమ్మిది, పది నెలలు నీళ్ళ అడుగున పురుగుగా ఉంటుంది. అక్కడ దాని ఆహారం కవనినా అనే ఒక జాతి నత్తలు. ఆ నత్తలకు తేట నీరు, పారే నీరు, రాళ్ళ మీద పాకుడు కావాలి. వసంతంలో వాన రాత్రి చూసుకుని పురుగు గట్టెక్కుతుంది, మెత్తటి మట్టిలో గూడు చేసుకుంటుంది. గట్టు సిమెంటుదైతే దాని కథ అక్కడితో సరి. ఇన్నిట్లో ఏ ఒక్కటి తప్పినా జూన్‌లో చీకటి చీకటిగానే ఉంటుంది. మంచుకు గొట్టం తిప్పితే చాలు. మిణుగురు కోసం ఏడాది పొడుగునా నీటిని, మట్టిని, పాకుడును, నత్తను కనిపెట్టుకుని ఉండాలి. నీటి మాటకొస్తే, ఈ తోటలో చిచిబూ కొండల నుంచి భూమిలోపలే వచ్చే ఊట ఒకటుంది. 1923 భూకంపమప్పుడు చుట్టుపక్కల జనానికి దాన్నే తాగడానికి వదిలారు.

ఆదివారం పొద్దున్న ఐదింటికే మెలకువ వచ్చింది. ఒక్కణ్ణే దిగాను. తోటమాలులు అప్పటికే పనిలో ఉన్నారు. బొటనవేలు విడిగా ఉండే గుడ్డ బూట్లు, నడుముకు కత్తెర. ఒకాయన నిచ్చెన ఎక్కి కామెల్లియా కొమ్మలు పలచన చేస్తున్నాడు. వచ్చే చలికాలపు మొగ్గ ఈ వేసవిలోనే కడుతుంది కాబట్టి, కత్తెర పడాల్సింది పూలు రాలిన వెంటనే. ఆలస్యమైతే కొమ్మతో పాటు పువ్వునూ కోసుకున్నట్టే. ఆయన కత్తిరించే తీరు చూస్తూ నిలబడిపోయాను. చెట్టు రూపురేఖలను తాకడం లేదు. లోపలికి చెయ్యి పెట్టి, ఒక దాని మీద ఒకటి వాలిన రెమ్మల్లో ఒకదాన్ని తీసేసి, దిగి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసి, మళ్ళీ ఎక్కుతున్నాడు. అరగంటకు చెట్టు కింద గుప్పెడు ఆకులు పడ్డాయి. చెట్టు మాత్రం ఏమీ జరగనట్టే ఉంది, దాని వెనక నుంచి చెరువు వెలుగు మాత్రం కొత్తగా కనిపిస్తోంది.

వాగు దగ్గరికి వెళ్ళాను. పగలు అక్కడ చూడ్డానికేమీ లేదు. చీలమండ లోతు నీళ్ళు, నల్లటి రాళ్ళు, రాళ్ళకు అంటుకున్న వేలిగోరంత నత్తలు. ఒకావిడ పొడుగు చీపురుతో దారి ఊడుస్తూ వచ్చింది. రాతి పలకల మీద ఒక్క ఆకు మిగల్లేదు. నీళ్ళ వైపు అంచుకు వచ్చేసరికి చీపురు ఆపి, వంగి, గట్టు మీది నాచులో చిక్కుకున్న ఎండుటాకులను రెండు వేళ్ళతో ఒక్కొక్కటే తీసింది. రాత్రి మిణుగురులు పెట్టిన గుడ్లు ఆ నాచులోనే ఉంటాయి. నెల తిరిగేసరికి పిల్లలు అక్కణ్ణుంచి నీళ్ళలోకి రాలాలి.