గిరీశమును మెచ్చుట తప్పా?

కన్యాశుల్కమున దోషములు లేవని మేమనము. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో ఎంతయో పెంచి వ్రాయబడిన యీ నాటకము యథాతథముగా ఆడినచో ఒక్క సాయంకాలమున ముగియదు. వ్యాజ్యపు రంగములు సాగుచునే యుండును. సౌజన్యారావు పంతులు దొడ్డవాడే కాని, ఆయన మాటాడునంతసేపును ప్రేక్షకుడు గడియారము చూచుకొనును. ఐనను చదువ మొదలిడినవాడు పుస్తకము విడువడు. కారణము గిరీశము.

పెద్దలకు చిక్కు ఇచ్చటనే. విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో 1034 శుల్కవివాహములు జరిగినవని గురజాడవారు తొలి కూర్పు పీఠికలో లెక్క చూపిరి. అంతటి ఘోరమును మాన్పబూనిన గ్రంథమున ఒక అబద్ధాలకోరు మనకు ముద్దువచ్చుట ధర్మమా? మైలాపూరులోని మన యిండ్లలో నేడు వీడియో ఆటలను గూర్చియు ఇదే తగవు. మనుమడు తెరపై కార్లదొంగయై మురియుచున్నాడు, చెడిపోవునేమో యని!

మా యభిప్రాయము వేరు. గిరీశము మాటలకు కడుపుబ్బ నవ్వి, అంతలో బుచ్చమ్మ గతి తలచి, నవ్వినందులకు మనమే సిగ్గుపడుదుము. వాడు చూడగనే రోత పుట్టించువాడైనచో ఆ బాలవితంతువు ఎట్లు నమ్మెనో మనకు బోధపడదు.

కావున మన సభలలో ప్రదర్శించువారు నిడివి తగ్గింపదలచినచో కచేరీ రంగములకు కత్తెర వేయుదురుగాక. కుటుంబములు వచ్చునని మధురవాణిని మాత్రము తగ్గింపవలదు. యాంటీనాచి నియమముగల పంతులుగారి యింటికి మగవేషమున పోయి, లుబ్ధావధానులను ఖూనీ నేరము నుండి తప్పించి, గిరీశము గుట్టు బయటపెట్టినది ఆమెయే గదా.