చిటికెన వేలితో చూసేవాడు

పెరట్లో కుళాయి కారుతోందంటే ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని దాన్ని ఇంకాస్త గట్టిగా బిగించడం. పని తెలిసిన ప్లంబరు ఆ పని మాత్రం చెయ్యడు. ముందు నీరు ఎక్కణ్ణుంచి వస్తోందో చూస్తాడు. మూతి నుంచి చుక్కలు పడుతుంటే చాలావరకు లోపలి వాషర్ అరిగిందన్నమాట. పిడి కింద చెమ్మ ఊరుతుంటే స్పిండిల్ చుట్టూ ఉన్న ప్యాకింగ్ వదులైంది. గోడ దగ్గర తడి ఉంటే మరకు చుట్టిన టేపు పోయింది. సగం పని ఇక్కడే అయిపోతుంది.

ట్యాంకు వాల్వు కట్టేసి, పానాతో తల విప్పి, చొక్కా గుండీ అంత రబ్బరు వాషర్ని బయటికి తీస్తాడు. ఏళ్లతరబడి మనం బిగించిన బలమంతా దాని మీద గుండ్రటి గాడిలా పడి ఉంటుంది. కొత్తది వేసేముందు చిటికెన వేలు లోపలికి పోనిచ్చి, వాషర్ కూర్చునే ఇత్తడి అంచుని తడుముతాడు. నాకు అన్నిటికంటే నచ్చేది ఆ తడమడమే. అంచుకి గాటు పడితే కొత్త వాషరూ నాలుగు నాళ్లే. ఉప్పునీళ్ల బోర్లున్న చోట అక్కడ తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది; అది గీకకుండా బిగించేవాణ్ణి నేను నమ్మను. కుళాయే ఊడదీయాల్సి వస్తే టెఫ్లాన్ టేపుని మర బిగిసే వైపే చుడతాడు. ఎదురు చుడితే బిగించేటప్పుడు అది కాస్తా ఊడొస్తుంది.

సెకనుకో చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు, దాదాపు 20 లీటర్లు. దాన్ని ఆపే వాషర్ ఖరీదు ఓ టీ డబ్బులు. మనం మాత్రం అతని కూలి దగ్గర బేరం మొదలెడతాం.