బిట్‌కాయిన్‌కు బోరు వేస్తే

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ నడిపే మిత్రుడొకాయన మొన్న ఫోన్ చేశాడు. టైల్స్ వచ్చాక నాపరాయికి మునుపటి గిరాకీ లేదు. షెడ్డు సగం ఖాళీగా ఉంది. త్రీ ఫేజ్ లైను మాత్రం అలాగే ఉంది. ఇంజినీరింగ్ చదివే అక్క కొడుకు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడట, అందులో బిట్‌కాయిన్ మిషన్లు పెడదామని. "అన్నా, గా మిషన్ ఊకె ఆన్ చేసి పెడితే పైసలొస్తయంట. కూలోళ్లు అక్కర్లేదంట, రాయి అక్కర్లేదంట, లారీ అక్కర్లేదంట. నిజమేనా?"

నిజమే, ఆ మూడూ అక్కర్లేదు. కరెంటు కావాలి. ఎంత కావాలో చెప్పడానికి ఫోన్లో కుదరక, ఈ వారం కాలమ్ ఆయనకే అప్పజెబుతున్నాను. వికారాబాద్ కాలేజీ పిల్లలు కూడా అప్పుడప్పుడు ఇదే అడుగుతుంటారు కాబట్టి వాళ్లూ చదువుకోవచ్చు.

ముందు పని ఏమిటో చూద్దాం. బిట్‌కాయిన్ లావాదేవీలను సుమారు పది నిమిషాలకోసారి ఒక బ్లాకుగా పేరుస్తారు. ఆ బ్లాకు చెల్లాలంటే ఒక సంఖ్య దొరకాలి. దాన్ని బ్లాకులో చేర్చి ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో వేస్తే వచ్చే జవాబు, నెట్‌వర్క్ పెట్టిన హద్దు కన్నా తక్కువ ఉండాలి. ఆ సంఖ్యను పట్టుకోవడానికి సూత్రం లేదు, తెలివి పనిచేయదు. ఒకటి వేసి చూడటం, తప్పితే ఇంకొకటి వేయడం, అంతే. ముందుగా దొరికించుకున్నవాడికి కొత్త నాణేలు. 2009 జనవరి 3న సతోషి నకమోటో అనే పేరు వెనకున్న వ్యక్తి మొదటి బ్లాకు తీసినప్పుడు ఆ బహుమానం 50 నాణేలు. 2,10,000 బ్లాకులకోసారి సగానికి సగం తగ్గుతూ 2024 ఏప్రిల్లో 3.125కు వచ్చింది.

బోరు వేయించిన రైతుకు ఇదంతా రెండు ముక్కల్లో అర్థమవుతుంది. కొబ్బరికాయ పట్టుకుని ఒకాయన పాయింటు చూపిస్తాడు, బండి వస్తుంది, అడుగుకింత అని లెక్క మొదలవుతుంది. నీళ్లు పడినా దుమ్ము లేచినా బండి కిరాయి కట్టాల్సిందే. చుట్టుపక్కల చేలల్లో ఇంకో నలుగురు వేయిస్తే నీళ్లు మరింత లోతుకు దిగుతాయి. బిట్‌కాయిన్‌లో ఈ లోతు సంగతి ప్రోగ్రాంలోనే రాసిపెట్టారు. ప్రతి 2,016 బ్లాకులకు, అంటే దాదాపు రెండు వారాలకు, మిషన్లు ఎన్ని పెరిగాయో చూసుకుని లెక్క అంత కష్టమవుతుంది. మిషన్లు తగ్గితే తేలికవుతుంది కూడా, కానీ ఏళ్ల తరబడి చూస్తే లోతు పెరుగుతూనే వచ్చింది. మొదట్లో మామూలు కంప్యూటర్ సరిపోయేది. 2010లో గేముల కోసం వాడే గ్రాఫిక్స్ కార్డులు దిగాయి. 2013లో ఈ ఒక్క లెక్క తప్ప మరేదీ చేయలేని ఏసిక్ చిప్పులు వచ్చి అందరినీ పక్కకు నెట్టాయి. ఒంటరిగా తవ్వితే ఎప్పటికీ తగలదని తెలిసి, 2010లోనే స్లష్ పూల్ అనే ఉమ్మడి ఏర్పాటు మొదలైంది. నలుగురూ కలిసి తవ్వుకుని, ఎవరి మిషన్ ఎంత పని చేస్తే వాళ్లకు అంత వాటా. ఇప్పుడు దాదాపు అందరూ ఇలాంటి పూల్‌లోనే పనిచేస్తారు.

మా మిత్రుడి మేనల్లుడు చూపించిన మిషన్ పేరు ఆంట్‌మైనర్ ఎస్21, బిట్‌మైన్ కంపెనీది. సెకనుకు 200 టెరాహాష్‌లు, అంటే 200 లక్షల కోట్ల ప్రయత్నాలు చేస్తుంది. వినడానికి గుండె ఝల్లుమంటుంది. ప్రపంచంలో ఉన్న మిషన్లన్నీ కలిపి చేసేది ఈమధ్య వెయ్యి ఎక్సాహాష్‌ల దరిదాపుల్లో ఉంటోంది. దాంట్లో ఈ మిషన్ వాటా యాభై లక్షల్లో ఒకటి. రోజుకు పుట్టే కొత్త బిట్‌కాయిన్లు 450. వాటిలో మనవాడికి వచ్చేది 0.00009. నెలకు 0.0027. బిట్‌కాయిన్ ధర కోటి రూపాయలుందనుకుందాం, ఉదారంగానే. నెలకు 27,000 రూపాయలు.

ఇక్కడిదాకా వచ్చి చాలామంది ఆగిపోతారు. వీడియోల్లో చెప్పేవాళ్లు కూడా ఇక్కడే ఆపుతారు.

మిషన్ వెనక రేకు మీద 3,500 వాట్లని రాసి ఉంటుంది. పాలిషింగ్ మోటారు కొనేటప్పుడు మా మిత్రుడు ముందు చూసేది ఆ రేకే, హార్స్‌పవర్ ఎంత అని. ఇది రాత్రనక పగలనక ఆగకుండా తిరుగుతుంది. రోజుకు 84 యూనిట్లు. నెలకు 2,520. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తున్న ఇంట్లో దీన్ని పెడితే మూడో రోజుకే ఆ హద్దు దాటిపోతుంది. 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున, ఆ పైన మెట్లు మెట్లుగా 7.70, 9, 9.50, 800 దాటితే 10 రూపాయలు. కూడితే 23,690. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్ వాడకం కలపకుండా, ఫిక్స్‌డ్ చార్జీలు కలపకుండా. షెడ్డు పరిశ్రమ కనెక్షన్ కదా అంటారా, యూనిట్‌కు 7.70 చొప్పున 19,404.

అయినా 27,000లో మిగులుంది కదా అని మేనల్లుడు ఎదురు తిరిగాడట. కుర్రాడు లెక్కలో మంచివాడే. పన్ను సంగతి మాత్రం అతను చూసిన వీడియోలో లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు. మైనింగ్‌కు పెట్టిన మౌలిక సదుపాయాల ఖర్చును కొన్న ధరగా లెక్కించబోమని 2022 మార్చిలో ఆర్థిక శాఖ లోక్‌సభకు చెప్పింది. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని ఇంకొకదాని లాభంలో సర్దుకోవడానికీ లేదు. ఆ ఏడాది జూలై 1 నుంచి అమ్మిన ప్రతిసారీ 1 శాతం టీడీఎస్ కూడా పట్టుకుంటున్నారు, లెక్క చూపితే అది తర్వాత సర్దుబాటవుతుంది. 27,000 మీద 31.2 శాతమంటే 8,424. చేతికి మిగిలేది 18,576. షెడ్డు బిల్లుకే చాలదు. మిషన్ ధర, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ ఇంకా మొదలే పెట్టలేదు. నాకు ఈ పన్ను పద్ధతి న్యాయంగా అనిపించదు. బండల వ్యాపారి డీజిల్ ఖర్చు చూపించుకోవచ్చు, మైనింగ్ చేసేవాడు కరెంటు ఖర్చు చూపించుకోలేడు. కానీ అన్యాయమైన చట్టం కూడా చట్టమే, బిల్లు దాని ప్రకారమే వస్తుంది.

వేడి సంగతి వేరే. మిషన్ తాగిన 3,500 వాట్లూ చివరికి వేడిగానే బయటికొస్తాయి. ఒక టన్ను ఏసీ గదిలోంచి లాగగలిగే వేడి దాదాపు అంతే. అంటే మిషన్‌కో ఏసీ, ఏసీకి మళ్లీ కరెంటు. ఏసీ లేకుండా ఫ్యాన్లతో నడపొచ్చు, చాలాచోట్ల అలాగే నడుపుతారు. అప్పుడు తాండూరు మే నెల ఎండ, సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, పాలిషింగ్ యూనిట్ల సుద్ద దుమ్ము గుర్తు పెట్టుకోవాలి. ఆ తెల్లటి పొడి మోటారు సైకిల్ ఫిల్టర్‌ను ఏం చేస్తుందో ఊళ్లో ఏ మెకానిక్‌నడిగినా చెబుతాడు. మిషన్‌లో అల్యూమినియం రెక్కల మధ్య అదే పొడి పేరుకుంటే చిప్పులు కాలిపోతాయి. వికారాబాద్ పక్కన అనంతగిరి గాలి మంచిది కదా, క్షయ రోగుల శానటోరియం కూడా అందుకే పెట్టారు కదా, గుట్ట మీద గది అద్దెకు తీసుకుందామని ఒక కుర్రాడు నాతో అన్నాడు. గాలి మంచిదే. మిషన్ చప్పుడు 75 డెసిబెల్స్. పక్క గదివాడు ఒక్క రాత్రి కూడా ఊరుకోడు.

అప్పుడొస్తుంది అసలు ప్రశ్న, గొంతు తగ్గించి: "పొలంల బోరుకు కరెంటు ఫ్రీ కదన్నా, ఆడ పెడితే?" 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటలు ఉచిత విద్యుత్తు ఉంది, నిజమే. అది పంపుసెట్టుకు. దాన్ని ఇంకో పనికి మళ్లిస్తే 2003 విద్యుత్ చట్టం కింద కేసవుతుంది, జరిమానా మిషన్ ధరను మించిపోవచ్చు. చట్టం మాట పక్కన పెట్టినా, కంది చేనుకు నీళ్లు తోడే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఈ బరువు వేస్తే కాలిపోయేది పది మంది రైతుల మోటార్లు. ఆ పని చేయకండి. సోలార్ అంటారా, ఇంటి మీద 3 కిలోవాట్ల ప్యానెళ్లు ఎండ బాగున్న రోజు ఇచ్చేది 12 యూనిట్ల చిల్లర. కావలసింది 84. పైగా మిషన్ రాత్రి కూడా తిరగాలి.

మరి ఎవరికి గిట్టుబాటు అవుతుంది? కరెంటు మిగిలిపోయినవాడికి. భూటాన్ ప్రభుత్వ సంస్థ డ్రక్ హోల్డింగ్ తమ జలవిద్యుత్తుతో బిట్‌కాయిన్ తవ్వుతోంది. చైనాలో వానాకాలంలో సిచువాన్ డ్యాముల దగ్గరికి మిషన్లు మోసుకుపోయేవాళ్లు, 2021లో ప్రభుత్వం నిషేధించేదాకా. అమెరికాలో టెక్సాస్ గాలిమరల దగ్గర పెద్ద పెద్ద షెడ్లు వేశారు. మూసీ మన అనంతగిరిలోనే పుడుతుంది గానీ, దాని మీద అంత కరెంటు పుట్టే డ్యాము మన దగ్గర లేదు.

ఇంతా చెప్పి, ఈ పని నేర్చుకోవద్దని మాత్రం నేననను. నా బల్ల కింద ఒక పాత కంప్యూటర్ ఉంది. అందులో మొనేరో అనే నాణెం తవ్వుతుంటాను, ఎక్స్‌ఎమ్‌రిగ్ అనే ఉచిత ప్రోగ్రాంతో. మొనేరో వాళ్లు 2019 నవంబరులో లెక్క పద్ధతి మార్చి, ఏసిక్‌లకు కాకుండా మామూలు ప్రాసెసర్లకే అనువుగా ఉంచారు. అందుకే మొదలుపెట్టేవాడికి అది మంచి బడి. నల్ల తెర మీద వరసలు పడుతుంటాయి. పూల్ పంపిన పని, మన ప్రాసెసర్ తిప్పిన వేగం, ఒప్పుకున్న వాటాకు పచ్చ అక్షరాలు. మొదటి పచ్చ వరస పడినప్పుడు నాకు కలిగిన సంతోషం, దాని విలువ పైసల్లో కూడా లేదని తెలిసినా, తగ్గలేదు. నెలంతా తిరిగినా వచ్చేది దాని కరెంటు ఖర్చు కన్నా తక్కువే. బైనాన్స్ లాంటి పెద్ద ఎక్స్‌చేంజీ 2024 ఫిబ్రవరిలో మొనేరోను తీసేసింది కూడా, కాబట్టి అమ్ముకోవడం అంత సులువు కాదు. ఈ నష్టాన్ని చదువు ఫీజుగా అనుకుంటాను.

ఆ ఫీజుకు వచ్చే చదువు చిన్నదేమీ కాదు. వాలెట్ తయారు చేసుకుంటే వరసగా కొన్ని మాటలిస్తుంది, అవే తాళంచెవి. వాటిని కాగితం మీద పెన్నుతో రాసుకోవాలి. ఫోన్‌తో ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో తనకు తానే పంపుకోకూడదు. ప్రోగ్రాంను తయారు చేసినవాళ్ల దగ్గరి నుంచే దించుకోవాలి. దొంగలు ఇదే ప్రోగ్రాంను ఇతరుల కంప్యూటర్లలో దాచి తవ్వుకుంటారు కాబట్టి యాంటీవైరస్ దీన్ని చూడగానే అరుస్తుంది, అసలుదేదో నకిలీదేదో పోల్చుకోవడం రావాలి. ప్లగ్గుకు తగిలించే చిన్న వాట్ మీటరు ఒకటి కొనుక్కోవాలి. ఈ పనిలో మొదట కొనాల్సిన సామాను అదేనని నా గట్టి అభిప్రాయం. దాన్ని చూస్తూ ప్రాసెసర్ వేగం కొంచెం తగ్గించి, వాట్లు బాగా తగ్గేచోటు పట్టుకోవడమే ఈ పనిలో నేర్పు. వేల మిషన్లు నడిపే టెక్సాస్ షెడ్డులో ఇంజినీరు చేసేదీ అదే. కాలేజీ పిల్లలకు లినక్స్, నెట్‌వర్క్, కరెంటు లెక్క మూడూ ఒకేచోట వస్తాయి. బిట్‌కాయినే తవ్వాలన్న ముచ్చట ఉంటే బిటాక్స్ అనే చిన్న పలక ఉంది, పదిహేడు, పద్దెనిమిది వాట్లతో 1.2 టెరాహాష్‌లు చేస్తుంది. ఒంటరిగా దానికి బ్లాకు తగలాలంటే ఇప్పటి లెక్కన దాదాపు పదహారు వేల ఏళ్లకోసారి. బల్ల మీద అందంగా ఉంటుంది.

నాకు భయమంతా మిషన్ కొనేవాళ్ల గురించి కాదు. మిషన్ కొన్నవాడికి కనీసం ఇనుమైనా మిగులుతుంది. మిషన్ మా దగ్గర ఉంటుంది, మీరు డబ్బు పంపండి చాలు, అని ఫోన్లో కనపడే యాప్‌ల గురించి. గెయిన్‌బిట్‌కాయిన్ ఇలాగే వచ్చింది. 2015 నుంచి, నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నారు, అదీ మైనింగ్ మీద. మధ్యలో 2016 జూలైలో బ్లాకు బహుమానం సగమైపోయింది, మాట మాత్రం 10 శాతమే. చివరికి బిట్‌కాయిన్‌కు బదులు తమ సొంత నాణెం అంటగట్టారు. నిర్వాహకుడు అమిత్ భరద్వాజ్‌ను 2018లో పుణె పోలీసులు అరెస్టు చేశారు, 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసులన్నీ సీబీఐకి అప్పగించింది. ఆ తర్వాత హెచ్‌పీజెడ్ టోకెన్ యాప్. ఈడీ చెప్పిన ప్రకారం, మైనింగ్ మిషన్ల పేరుతో 57,000 రూపాయలు కట్టించుకుని మూడు నెలలపాటు రోజుకు 4,000 ఇస్తామన్నారు. పైన మనం వేసిన లెక్కలో, కోటి ధర దగ్గర, ఎస్21 మిషన్ కరెంటు ఖర్చు తీయకముందు రోజుకు తెచ్చేది 900. 4,000 రావాలంటే అలాంటివి నాలుగైదు కావాలి. 57,000కు కొత్తది ఒక్కటి కూడా రాదు.

మా మిత్రుడు షెడ్డును కందుల గోదాముకు అద్దెకిచ్చే ఆలోచనలో ఉన్నాడు. మేనల్లుడికి నా దగ్గరున్న పాత వాట్ మీటరు పంపించాను. ఇక ఇలాంటి యాప్‌కు ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు ఈ కాలమ్ చదువుతుంటే, నలుగురూ నవ్వుతారని దాచిపెట్టుకోకండి. ఇంకొంచెం కడితే మొత్తం తిరిగొస్తుందన్న మెసేజ్‌కు జవాబివ్వకండి. లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకుని 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు బ్యాంకు ఖాతాలో ఆపడానికి అంత వీలుంటుంది.